లంఖణం అందరికీ ఔషధమేనా?

ఓ సోమవారం ఉదయం పదకొండు గంటలప్పుడు ఒకాయన్ని భార్య, కొడుకు చెరోపక్కా పట్టుకుని మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. యాభై రెండేళ్ల మనిషి, బ్యాంకు ఉద్యోగి. చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. పేరడిగితే చెప్పలేక తడబడుతున్నారు. చూసినవాళ్లకు ఏ పక్షవాతమో వచ్చిందనిపించే పరిస్థితి. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే గ్లూకోజు 46 మాత్రమే ఉంది. నరం ద్వారా గ్లూకోజు ఎక్కించాక కాసేపటికే తేరుకుని, ‘నన్నెందుకు ఇక్కడికి తెచ్చారు?’ అని కొడుకునే అడిగారు.

ఆరా తీస్తే సంగతి బయటపడింది. మూడు వారాలుగా ఆయన పదహారు గంటల ఉపవాసం చేస్తున్నారు. రాత్రి ఎనిమిదింటికి భోజనం ముగిస్తే మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. ఫోన్లో చూసిన వీడియోలో అలాగే చెప్పారట. మధుమేహానికి ఏళ్ల తరబడి వేసుకుంటున్న గ్లిమిపిరైడ్ మాత్రను మాత్రం ఆపలేదు. టిఫిన్‌కు ముందు వేసుకోవాల్సిన మాత్ర యథాప్రకారం వేసుకున్నారు. టిఫిన్ మాత్రం తినలేదు.

ఆయన కోలుకున్నాక భార్య నన్ను ఒక ప్రశ్న అడిగారు. ‘లంఖణం పరమౌషధం అని పెద్దవాళ్లు చెప్పారు. ఇప్పుడు సైన్సు కూడా అదే చెబుతోందంటున్నారు. మరి ఈయనకెందుకిలా వికటించింది డాక్టరుగారూ?’

ఓపీ గదిలో రెండు నిమిషాల్లో చెప్పగలిగిన జవాబు కాదది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ ఉపవాసాలు చేస్తూనే ఉండొచ్చు, లేదా మొదలుపెట్టాలని చూస్తుండొచ్చు. అందుకే ఆవిడకు పూర్తిగా చెప్పలేకపోయిన జవాబును మీకు చెబుతాను.

పాత అలవాటు, కొత్త పేరు

ఉపవాసం మనకు కొత్తేం కాదు. ఏకాదశికి, శివరాత్రికి ఉపవాసాలుంటాం. కార్తిక సోమవారాల్లో పగలంతా ఏమీ తినకుండా, నక్షత్రాలు కనబడ్డాక భోంచేసే నక్తాలున్నాయి. రోజుకు ఒక్కపూటే తినే ఏకభుక్తాలున్నాయి. వారానికోరోజు ‘ఒక్కపొద్దు’ ఉండే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీ నుంచి సాయంత్రం ఇఫ్తార్ దాకా నీళ్లు కూడా ముట్టరు.

ఇప్పుడు ప్రచారంలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా మూడు. రోజులో ఎనిమిది గంటల్లోపే తిండి ముగించి, మిగతా పదహారు గంటలూ కడుపు ఖాళీగా ఉంచటం మొదటిది. వారంలో అయిదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు బాగా తగ్గించటం రెండోది. దీనికి 2012లో బీబీసీలో వచ్చిన ఒక కార్యక్రమం విపరీతమైన ప్రాచుర్యం తెచ్చింది. రోజు విడిచి రోజు తిండి తగ్గించటం మూడోది.

పాతవాటికీ వీటికీ ఒక పెద్ద తేడా ఉంది. మన పెద్దలు ఉపవాసాన్ని భక్తితో చేశారు. సన్నబడతామనో, షుగరు పోతుందనో చేయలేదు. పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడినవారికి, ముసలివారికి మినహాయింపులూ ఇచ్చారు. ఆయుర్వేదం లంఘనంతో పాటు శరీరానికి పుష్టినిచ్చే బృంహణాన్నీ చెప్పింది. చరక సంహితలో ఈ రెండింటికీ కలిపి ఒకే అధ్యాయం ఉంది. ఎవరికి కడుపు మాడ్చాలి, ఎవరికి కడుపునిండా పెట్టాలి అని విడదీసి చూడటమే అందులోని వైద్యం. మనం సగం మాట పట్టుకుని మిగతా సగం వదిలేశాం.

పస్తుంటే ఒంట్లో ఏమవుతుంది?

మనం అన్నమో ఇడ్లీయో తిన్నాక రక్తంలోకి గ్లూకోజు చేరుతుంది. దాన్ని కణాల్లోకి పంపటానికి ఇన్సులిన్ విడుదలవుతుంది. అప్పటికి అవసరం లేని గ్లూకోజు కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఇంకా మిగిలితే కొవ్వుగా మారుతుంది. తినటం ఆపిన కొన్ని గంటలకు ఇన్సులిన్ తగ్గి, కాలేయం తన నిల్వను కొద్దికొద్దిగా వదలటం మొదలుపెడుతుంది. ఆ నిల్వ తరిగేకొద్దీ శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. ఇంకా సమయం గడిస్తే కొవ్వు నుంచి కీటోన్లు తయారై మెదడుకూ ఇంధనంగా ఉపయోగపడతాయి.

ఇదంతా నిజమే. వీడియోల్లో చెప్పేదీ ఇదే. అయితే అక్కడ చెప్పని సంగతి ఒకటుంది. పదహారో గంట కొట్టగానే కొవ్వు కరిగించే మీటను ఎవరూ నొక్కరు. రాత్రి నిద్రలోనూ మనందరి ఒంట్లో కొంత కొవ్వు ఖర్చవుతూనే ఉంటుంది. పొద్దున ఖర్చయిన కొవ్వు మధ్యాహ్నం, రాత్రి తిన్నదానితో మళ్లీ నిండిపోతే మిగిలేదేమీ ఉండదు. బ్యాంకు ఉద్యోగికి నేను చెప్పిన ఉదాహరణ ఇది: ఖాతాలోంచి ఉదయం తీసిన సొమ్మును సాయంత్రం మళ్లీ జమచేస్తే నిల్వ తగ్గదు కదా! నెలాఖరుకు ఖాతాలో ఎంత ఉందన్నదే లెక్క. ఎన్ని గంటలు ఖాతా ముట్టుకోలేదన్నది కాదు.

పరీక్షకు నిలిచింది ఎంత?

పక్కింటాయన ఆరు కిలోలు తగ్గాడంటే అది ఉపవాసం మహిమేనా, లేక ఆయన సాయంత్రం బజ్జీలు, రాత్రి ఐస్‌క్రీము మానేయటం వల్లా? ఇది తేలాలంటే ఒకేలాంటి మనుషుల్ని రెండు బృందాలుగా చేసి, ఒక బృందంతో ఉపవాసం చేయించి, రెండో బృందంతో పోల్చి చూడాలి. అలాంటి అధ్యయనాలు చాలానే జరిగాయి. వాటిలో మూడింటి గురించి చెబుతాను.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అధిక బరువున్న 116 మందిని తీసుకున్నారు. కొందర్ని మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తినమన్నారు. మిగతావారిని రోజూ మూడు పూటలా తినమన్నారు. ఎంత తినాలన్నది ఎవరికీ చెప్పలేదు. పన్నెండు వారాల తర్వాత ఉపవాస బృందం సగటున 0.94 కిలోలు, మూడుపూటల బృందం 0.68 కిలోలు తగ్గింది. ఇది చెప్పుకోదగ్గ తేడా కాదు. కొంతమందిని లోతుగా పరీక్షిస్తే, ఉపవాసం చేసినవారిలో తగ్గిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాదని తేలింది. తరిగింది కండ లాంటి కొవ్వేతర భాగం. ఈ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. పరిశోధన బృందంలోని సీనియర్ హృద్రోగ నిపుణుడు ఈథన్ వైస్ అంతకుముందు స్వయంగా ఈ ఉపవాసం చేసేవారు. ఫలితం చూశాక మానేశారు.

రెండోది చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగింది. 139 మంది ఊబకాయులకు ఏడాది పాటు ఒకే మోతాదులో కేలరీలు తగ్గించారు. సగం మందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. మిగతావారికి వేళల నియమం పెట్టలేదు. ఏడాది చివరికి వేళలు పాటించినవారు సగటున 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గారు. చూడటానికి తేడా ఉన్నట్టే ఉంది. కానీ గణాంకాల లెక్కలో అది నిలబడలేదు. యాదృచ్ఛికంగానూ అంత తేడా రావచ్చు. రక్తపోటు, గ్లూకోజు, కొవ్వుల్లోనూ రెండు బృందాలకూ పెద్ద తేడా లేదు.

మూడోది షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రోజు విడిచి రోజు ఉపవాసం మీద జరిగింది. ఇందులో పాల్గొన్నవారు 100 మంది. ఏడాది తర్వాత ఉపవాసం చేసినవారి బరువు 6 శాతం, రోజూ కొంచెం కొంచెం తగ్గించి తిన్నవారి బరువు 5.3 శాతం తగ్గింది. అంటే ఇంచుమించు సమానమే. అయితే మధ్యలో మానేసినవారు ఉపవాస బృందంలో 38 శాతం, రెండో బృందంలో 29 శాతం. 2017లో ప్రచురితమైన ఈ అధ్యయనాన్ని నడిపిన క్రిస్టా వరాడీ ఉపవాస వ్యతిరేకి కారు. ఈ పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న పరిశోధకురాలు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇదీ. ఉపవాసం పనిచేస్తుంది. కానీ తక్కువ తినేలా చేస్తుంది కాబట్టి పనిచేస్తుంది. అంతకు మించిన మహిమ ఇప్పటికైతే బయటపడలేదు. రోజూ లెక్కపెట్టి తినటం కొందరికి విసుగు. ‘ఈ వేళ దాటితే తినను’ అన్న ఒక్క నియమం వాళ్లకు తేలిక. అలాంటివారికి ఇది మంచి పద్ధతే. వేళ వచ్చిందని ఆవురావురుమంటూ రెట్టింపు తినేవారికి మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

నోబెల్ బహుమతి సంగతేంటి?

‘ఉపవాసం చేస్తే కణాలు తమలోని చెత్తను తామే శుభ్రం చేసుకుంటాయి. దీనికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది’ అని మీరూ వినే ఉంటారు. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒహ్సుమికి 2016లో వైద్య నోబెల్ వచ్చిన మాట వాస్తవం. కణాలు తమలోని పాత భాగాల్ని విడగొట్టి తిరిగి వాడుకునే ‘ఆటోఫేజీ’ ప్రక్రియ ఎలా జరుగుతుందో ఆయన కనిపెట్టారు. కానీ ఆయన ప్రయోగాలు చేసింది రొట్టె పిండిని పులియబెట్టే ఈస్ట్ కణాల మీద. ‘మనుషులు పదహారు గంటలు పస్తుండండి’ అని చెప్పినందుకు ఆయనకు నోబెల్ ఇవ్వలేదు.

ఆకలితో ఉన్న కణాల్లో ఈ ప్రక్రియ పెరుగుతుందన్నది నిజం. మనిషిలో అది ఏ అవయవంలో ఎన్ని గంటలకు ఎంత పెరుగుతుందో చెప్పే మామూలు రక్తపరీక్ష ఏదీ మన ల్యాబుల్లో లేదు. ఎలుకల ఫలితాలను నేరుగా మనకు వర్తింపజేయటంలోనూ చిక్కుంది. ఒక రోజు తిండి పెట్టకపోతే ఎలుక శరీర బరువులో పదో వంతుకు పైగా తగ్గిపోతుంది. అరవై కిలోల మనిషి ఒక్కరోజులో ఆరు కిలోలు తగ్గటాన్ని ఊహించుకోండి. దాని ఒక్కరోజు పస్తు, మన ఒక్కరోజు పస్తు ఒకటి కావు.

కోతుల కథ ఇంకా ఆసక్తికరం. అమెరికాలో రెండుచోట్ల దశాబ్దాల పాటు రీసస్ కోతులకు తిండి తగ్గించి చూశారు. తిండి తగ్గించిన కోతులు మెరుగ్గా బతుకుతున్నాయని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2009లో చెప్పింది. ఆయుష్షేమీ పెరగలేదని జాతీయ వృద్ధాప్య సంస్థ 2012లో చెప్పింది. తర్వాత రెండు బృందాలూ కలిసి కూర్చుని తేడాలు వెతికాయి. విస్కాన్సిన్‌లో పోలిక కోసం ఉంచిన కోతులకు చక్కెర ఎక్కువున్న ఆహారం ఇష్టమొచ్చినంత పెట్టారు. రెండోచోట మామూలు కోతులకూ కొంత మెరుగైన తిండి, కొలిచి పెట్టారు. బాగా తింటున్న కోతుల తిండి ఇంకా తగ్గిస్తే కలిగిన లాభం అంతగా కనిపించలేదు. ఇందులో మనకూ ఒక పాఠం ఉంది. ఎంతసేపు తినలేదన్నదాని కన్నా, తిన్నప్పుడు ఏం తిన్నామన్నది చిన్న విషయం కాదు.

భయపెట్టే వార్తనూ అదే తూకంలో చూడాలి

2024 మార్చిలో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన వార్త వచ్చింది. ఎనిమిది గంటల్లోపే తినేవారిలో గుండెజబ్బు మరణాల ముప్పు 91 శాతం ఎక్కువని అమెరికా గుండె సంఘం సదస్సులో ఒక విశ్లేషణ సమర్పించారు. మా రోగులు కొందరు ఆ క్లిప్పింగు పట్టుకుని బెదిరిపోయి వచ్చారు. సుమారు 20 వేల మంది వివరాలతో చేసిన ఆ విశ్లేషణలో, ఏ వేళల్లో తిన్నారన్నది కేవలం రెండు రోజుల జ్ఞాపకాల ఆధారంగా లెక్కగట్టారు. ఎనిమిది గంటల్లోనే తిండి ముగించేవారిలో పనిభారం వల్లో, జబ్బు వల్లో, ఆకలి లేకో సరిగా తిననివారూ ఉండొచ్చు. ఉపవాసమే గుండెకు చేటు చేసిందని దీంతో తేల్చలేం. పక్కింటాయన ఆరు కిలోల కథను మనం ఎలా గుడ్డిగా నమ్మకూడదో, దీన్నీ అలాగే గుడ్డిగా నమ్మకూడదు.

ఆశ కలిగించే మాట ఒకటి

ఇంతకీ వేళలకు అసలు విలువే లేదా? ఉందనిపించే ఆధారాలు కొన్ని ఉన్నాయి. సాయంత్రమయ్యేకొద్దీ ఇన్సులిన్‌కు మన శరీరం స్పందించే తీరు మందగిస్తుంది. ఒకే భోజనాన్ని పొద్దున తింటే ఒకలా, రాత్రి తింటే మరోలా గ్లూకోజు పెరుగుతుంది. అమెరికాలో మధుమేహం అంచున ఉన్న ఎనిమిది మంది మగవారితో 2018లో ఒక చిన్న అధ్యయనం చేశారు. మధ్యాహ్నం మూడింటికల్లా ఆఖరి భోజనం ముగించేలా అయిదు వారాలు ఉంచితే, బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ స్పందన, రక్తపోటు మెరుగుపడ్డాయి. ఎనిమిది మందితో లోకానికంతటికీ సూత్రం రాయలేం. మూడింటికి ఆఖరి భోజనం మన ఇళ్లలో కుదిరేదీ కాదు. అయినా ఒకటి గమనించండి. మనవాళ్లు ఎక్కువగా చేసేది దీనికి తలకిందులు. ఉదయం టిఫిన్ ఎగ్గొట్టి, రాత్రి పదింటికి టీవీ ముందు కడుపునిండా తింటారు. వేళ మార్చదలచుకుంటే ముందు మార్చాల్సింది రాత్రి భోజనాన్ని.

మాత్రలు ఆపాక తిండి తగ్గించారు

ఇప్పుడు మా బ్యాంకు ఉద్యోగి విషయానికి వద్దాం. మధుమేహులు తిండి తగ్గించకూడదా? నిజానికి చాలామంది తగ్గించాల్సిందే. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అధ్యయనంలో టైప్-2 మధుమేహులకు మూడు నుంచి అయిదు నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చారు. తర్వాత నెమ్మదిగా మామూలు తిండికి మార్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందిలో మాత్రలు లేకుండానే గ్లూకోజు మధుమేహ స్థాయి కన్నా కిందికి దిగింది. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవారిలోనైతే 86 శాతం మంది ఈ స్థితికి చేరుకున్నారు. ఇది గొప్ప విషయం. రెండేళ్లకు ఆ 46 శాతం 36 శాతానికి తగ్గింది. తగ్గిన బరువు మళ్లీ పెరిగితే జబ్బూ తిరిగొస్తుందన్నమాట.

ఈ అధ్యయనం గురించి చెప్పేవారు తరచూ వదిలేసే వివరం ఒకటుంది. మొదటి రోజే వాళ్ల మధుమేహం మాత్రలను, రక్తపోటు మాత్రలను డాక్టర్లు ఆపేశారు. ఆ తర్వాత క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చారు. అక్కడ మందుల సంగతి చూశాకే తిండి తగ్గించారు. మన ఇళ్లలో జరిగేదేమిటి? తిండి మానేసి మాత్రలు మాత్రం వేసుకుంటున్నారు. లేదంటే ఎవరితోనూ చెప్పకుండా రెండూ మానేస్తున్నారు. రెండూ ప్రమాదమే.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు. క్లోమం నుంచి ఇన్సులిన్‌ను పిండుతూనే ఉంటాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి గ్లూకోజు బాగా పడిపోయే ప్రమాదం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారికి మరో చిక్కుంది. సుదీర్ఘ ఉపవాసాల్లో, ముఖ్యంగా పిండిపదార్థాలు పూర్తిగా మానేసినప్పుడు, రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగొచ్చు. అప్పుడు గ్లూకోజు పరీక్షలో అంకె పెద్దగా పెరగకపోవచ్చు కూడా. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ‘ఉపవాసం నీరసంలే’ అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2001 రంజాన్ సమయంలో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా మధుమేహులను పరిశీలించారు. గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు మామూలు రోజులతో పోలిస్తే టైప్-1 బాధితుల్లో 4.7 రెట్లు, టైప్-2 బాధితుల్లో 7.5 రెట్లు పెరిగాయి. అందుకే ఇప్పుడు ఉపవాసాలు ఆరేడు వారాల్లో మొదలవుతాయనగానే డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదులు మార్పించుకోవాలని మధుమేహ నిపుణులు సూచిస్తున్నారు. ముస్లిం కుటుంబాల్లో చాలామంది ఈ మాట ఇప్పుడు పాటిస్తున్నారు. ఫోన్లో వీడియో చూసి ఉపవాసం మొదలుపెట్టేవారికి మాత్రం ఈ ఆలోచనే రావటం లేదు. 2023లో వెలువడిన భారతీయ వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు. ఈ పొరపాటు ఎన్ని ఇళ్లలో జరగగలదో మీరే ఆలోచించండి.

వణుకు, చెమట, గుండెదడ, తడబాటు వస్తే గ్లూకోజు చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే అప్పుడిక ఉపవాసం గురించి ఆలోచించొద్దు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. పరీక్షించే పరికరం లేకపోయినా చక్కెర నీళ్లు తాగటమే మేలు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వీళ్లు ప్రయోగాలు చేయొద్దు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు కోసం ఉపవాసాలు చేయకూడదు. ఇంటర్ చదివే అమ్మాయి ‘డైటింగ్’ అంటూ రోజూ భోజనం మానేస్తుంటే మెచ్చుకోకండి. ఏం జరుగుతోందో కూర్చోబెట్టి అడగండి. తిండి విషయంలో మనసు పట్టుతప్పే జబ్బులకు ఇలాంటి నియమాలే తొలిమెట్టు కావొచ్చు. అరవై అయిదు దాటినవారికి బరువు తగ్గటం కన్నా కండ తగ్గకపోవటం ముఖ్యం. కిడ్నీ జబ్బున్నవారు, ఒంట్లో నీరు తీసే రక్తపోటు మాత్రలు వేసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ పెరుగుతుంది.

మిగతా ఆరోగ్యవంతులు ఉపవాసం చేయాలనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. పదహారు గంటలతో మొదలుపెట్టకండి. ముందు రాత్రి ఎనిమిదికల్లా భోంచేసి, ఉదయం ఎనిమిది దాకా ఏమీ తినకుండా ఉండండి. చాలా ఇళ్లలో ఈ పన్నెండు గంటల విరామమే లేదు. పడుకునే ముందు ఏదో ఒకటి నోట్లో పడుతూనే ఉంటుంది. ముందు దాన్ని ఆపితే చాలు. నీళ్లు బాగా తాగండి. తినే పూటల్లో పప్పు, గుడ్డు, పెరుగు, చేపల వంటి ప్రొటీన్ ఆహారం తగ్గకుండా చూసుకోండి.

పళ్లెంలో ఏముందన్నదీ చూసుకోవాలి. ఉపవాసం పేరుతో అన్నం మానేసి ఆరు పూరీలు, ఆలూ వేపుడు, సగ్గుబియ్యం పాయసం తింటే ఆ రోజు తిండి పెరిగిందే కానీ తగ్గలేదు. ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో 45 శాతం మించొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన పళ్లెంలో ముప్పావు వంతు అన్నమే ఉంటుంది. ఆ అన్నాన్ని తగ్గించి, కూరను, పప్పును పెంచటం గొప్ప చిట్కాలా అనిపించదు. దాని మీద వీడియో తీస్తే ఎవరూ చూడరు. అయినా ఎక్కువమందికి అవసరమైంది అదే.

ఒక నెల చేశాక ఉపవాసం మీకు సరిపడలేదనిపిస్తే సంకోచించకుండా మానేయండి. మీ సంకల్పంలో లోపమేమీ లేదు. మూడు పూటలా కొంచెం తగ్గించి తిన్నవారు కూడా అంతే బరువు తగ్గారని పైన చూశాం కదా!

ఆవిడ సంగతి

ఆ బ్యాంకు ఉద్యోగికి మాత్ర మార్చాను. టిఫిన్ మానొద్దని, రాత్రి భోజనం ముందుకు జరపమని, అన్నం సగం చేయమని చెప్పాను. రాసుకున్నారు. వెళ్లబోతుంటే ఎందుకో ఆవిడ ముఖం చూసి అడిగాను: ‘మీరు పొద్దున ఏం తిన్నారమ్మా?’

‘నాదేముందండీ! ఆయన తినకుండా నేనెలా తింటాను? మూడు వారాలుగా నేనూ పన్నెండింటికే తింటున్నాను. సోమవారాలు ఎటూ ఒక్కపొద్దే’ అన్నారు. పొద్దున రెండుసార్లు టీ తాగుతారట. మధ్యాహ్నం అందరికీ వడ్డించాక మిగిలిందే ఆవిడ భోజనం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6. ఆవిడ బరువు తగ్గాల్సిన మనిషే కాదు. ఇంటాయన వైద్యంలో తోడుగా పస్తుంటున్నారంతే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంట్లో ఒకరు ఉపవాసం మొదలుపెడితే వంటగది మొత్తం ఆ వేళలకే మారిపోతుంది. అందుకే ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా ఉపవాసం మాటెత్తితే రెండు ప్రశ్నలు అడగండి. వేసుకుంటున్న మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడారా? మీతోపాటు ఇంకెవరు తినకుండా ఉంటున్నారు?

ఆవిడకు ఐరన్ మాత్రలు రాశాను. వాటితో పాటు చీటీ మీద ఇంకోమాట కూడా రాశాను: ‘ఉదయం ఎనిమిదింటికి టిఫిన్. ఎవరి కోసమూ ఆగొద్దు.’